మరపడవ ట్యాంకు నింపేటప్పుడు ఎక్కడ ఆపాలి? ముల్లు, నాజిల్, లీటర్ల లెక్క

కారులో పెట్రోలు పోయించుకునే అలవాటుతో పడవ ట్యాంకు నింపబోతే రెండు చోట్ల దెబ్బతింటాం. కారు ట్యాంకు నిండగానే నాజిల్ 'టక్'మని తనంతట తానే ఆగుతుంది. ముల్లు చూపించేది కూడా ఇంచుమించు నిజమే అవుతుంది. పడవలో ఈ రెండూ నమ్మదగినవి కావు. నాజిల్ ఆగేలోపే గాలిగొట్టంలోంచి (ట్యాంకులోని గాలి బయటికి పోయే గొట్టం) పెట్రోలు నీళ్లలోకి చిమ్మవచ్చు. ముల్లు సగం మీద నిలబడి ఉన్నప్పుడు ట్యాంకులో నిజంగా ఉన్నది మూడో వంతే కావచ్చు.

అందుకని పడవలో ఈ పని తిరగేసి చేయాలి. ఎన్ని లీటర్లు పడతాయో నాజిల్ పెట్టకముందే లెక్క కట్టుకోవాలి, పంపు మీటరు మీద ఆ అంకె రాగానే ఆపాలి. చెవికి వినబడేది, చేతికి తగిలేది, ముల్లు చూపించేది ఆ లెక్కకు సాక్ష్యాలు మాత్రమే. డెక్కు కింద బిగించిన ట్యాంకులున్న వినోద పడవలను దృష్టిలో పెట్టుకుని రాసిన పద్ధతి ఇది. చేత్తో ఎత్తే ట్యాంకుల సంగతి విడిగా చెబుతాం.

ముల్లు ఎందుకు తప్పు చెబుతుంది

ట్యాంకు పైకప్పులో సెండరు అనే పరికరం ఉంటుంది. పాత రకంలో ఒక కడ్డీ చివర తేలుబెండు ఊగుతుంటుంది. కొత్త రకంలో నిలువు గొట్టం వెంబడి బెండు పైకీ కిందికీ జారుతుంది. రెండూ కొలిచేది ద్రవం ఎత్తునే, పరిమాణాన్ని కాదు. ట్యాంకు పెట్టెలా నలుచదరంగా ఉంటే ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. కానీ పడవ అడుగు వి ఆకారంలో ఉంటుంది కాబట్టి దాని మీద కూర్చునే ట్యాంకు అడుగు కూడా చాలాసార్లు అదే ఆకారంలో ఉంటుంది.

ఒక ట్యాంకును దగ్గరగా చూద్దాం. పొడవు 110 సెంటీమీటర్లు, పైన వెడల్పు 60, మొత్తం ఎత్తు 40. కింది 20 సెంటీమీటర్లు వి ఆకారం, పై 20 సెంటీమీటర్లు నిలువు గోడలు. ఇందులో మొత్తం 198 లీటర్లు పడతాయి. ఎత్తు ప్రకారం ముల్లు ఎక్కడుంటే లోపల ఎంత ఉంటుందో చూడండి:

ముల్లు నిండుగా: 198 లీటర్లు
ముప్పావు: 132 లీటర్లు
సగం: 66 లీటర్లు
పావు: 16.5 లీటర్లు

ముల్లు సగం చూపితే ఉన్నది మూడో వంతు. పావు చూపితే ఉన్నది పన్నెండో వంతు. గంటకు 33 లీటర్లు తాగే ఇంజనుతో బయల్దేరితే ముల్లు నిండు నుంచి సగానికి దిగడానికి 4 గంటలు పడుతుంది, సగం నుంచి అడుగుకు 2 గంటల్లో జారిపోతుంది. 'ఇప్పటిదాకా సగమే కదా అయింది, ఇంకో 4 గంటలు తిరగొచ్చు' అనుకున్నవాళ్లను తాడు కట్టి లాక్కురావలసి వచ్చేది ఇందుకే.

దీనికి పడవ వాలు తోడవుతుంది. అణియం (ముందు కొస) పైకి లేచి ఉంటే ఇంధనం అమరం (వెనుక కొస) వైపు చేరుతుంది. సెండరు ట్యాంకు నడిమధ్యలో ఉంటే ఈ తేడా తక్కువగా ఉంటుంది, ఒక చివర ఉంటే బాగా ఎక్కువ. పడవ వేగంగా పోతున్నప్పుడు ముల్లు చూపేది వేరు, ఆగి తేలుతున్నప్పుడు చూపేది వేరు. అందువల్ల ఎప్పుడు చూసినా ఒకే స్థితిలో చూడాలి: ఇంజను ఆపి, పడవ నీళ్లలో సమంగా తేలుతూ, మనుషులు ఒకే పక్కన గుమిగూడకుండా, తాళం ఆన్ చేసి, ముల్లు కుదుటపడేదాకా ఓ నిమిషం ఆగి.

ముందుగా ఒకసారి చేసుకోవాల్సిన పని: మీ పడవకు మీ పట్టిక

ట్యాంకు మీద అతికించిన పలకలో అసలు సామర్థ్యం రాసి ఉంటుంది. గ్యాలన్లలో ఉంటే అమెరికన్ గ్యాలను 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలను 4.546 లీటర్లు అని గుర్తుంచుకోండి. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే 50 గ్యాలన్ల ట్యాంకు దగ్గరే 38 లీటర్ల తేడా వస్తుంది. ఆ అంకెకు 95 శాతం కట్టండి. మన ట్యాంకుకు 188 లీటర్లు. ఇకమీదట మీకు 'నిండు' అంటే అదే, మిగతా 10 లీటర్ల చోటు గాలికి వదిలెయ్యాలి.

ఆ ఖాళీ దేనికంటే, పెట్రోలు వేడికి వ్యాకోచిస్తుంది. ఒక్కో డిగ్రీకి ఇంచుమించు వెయ్యింట ఒక వంతు. భూమిలో పాతిన చల్లని ట్యాంకు నుంచి వచ్చిన 198 లీటర్లు ఎండలో 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 4 లీటర్లు పెరుగుతాయి. చోటు లేకపోతే ఆ 4 లీటర్లు గాలిగొట్టంలోంచి నీళ్లలోకే పోతాయి, అదీ మీరు ఒడ్డున భోజనానికి వెళ్లిన సమయంలో. బాగా ఎండ కాసే చోట 90 శాతం దగ్గరే ఆపడం మేలు. డీజిల్ కాస్త తక్కువ పెరుగుతుంది కానీ దాని నురగకు చోటు కావాలి కాబట్టి లెక్క మార్చనక్కర్లేదు.

ఇక పట్టిక. ట్యాంకు బాగా తగ్గిన రోజున దీన్ని తయారుచేసుకోవచ్చు. పడవ నీళ్లలో ఉండగా 20 లీటర్లు పొయ్యండి, నాజిల్ తీసి మూత పెట్టండి, ఆవిరి వాసన లేదని చూసుకున్నాకే తాళం తిప్పండి. రెండు నిమిషాల తర్వాత ముల్లు ఎక్కడ నిలిచిందో రాసుకుని, తాళం కట్టేసి, మళ్లీ 20 పొయ్యండి. ఒక పూట పట్టే పని, పంపు దగ్గర రద్దీ లేని వేళ పెట్టుకోండి. అంత ఓపిక లేకపోతే రెండో దారి ఉంది. నింపిన ప్రతిసారీ రెండే అంకెలు రాయండి: పోయకముందు ముల్లు ఎక్కడుంది, 188 స్థాయికి చేరడానికి ఎన్ని లీటర్లు పట్టింది. పది పన్నెండు సార్లయ్యేసరికి పట్టిక తనంతట తానే తయారవుతుంది.

మన ఉదాహరణలో అది ఇలా ఉంటుంది: ముప్పావు మీద ఉంటే 56 లీటర్లు, సగం మీద ఉంటే 122, పావు మీద ఉంటే 171. ఈ మూడు అంకెలు తడవని కాగితం మీద రాసి నింపే మూతకు దగ్గర్లో, ఏ తలుపు లోపలి వైపో అతికించండి. పంపు దగ్గరున్న మనిషికి 'ఫుల్ చెయ్' అని చెప్పే బదులు '122 పొయ్యి' అని చెప్పగలగడమే ఈ శ్రమకు ఫలితం.

ఇంజను కంప్యూటరు ఖర్చయిన ఇంధనాన్ని లీటర్లలో చూపించే పడవైతే పని ఇంకా సులువు. సెండరుతో సంబంధం లేకుండా, ఇంజనులోకి వెళ్లినదాన్నే అది లెక్కిస్తుంది కాబట్టి ట్యాంకు ఆకారం, వాలు దాన్ని ఏమీ చేయలేవు. అయితే దాన్ని ఒకసారి సరిచూసుకోవాలి. అది 90 లీటర్లు ఖర్చయ్యాయని చెప్పి, అదే స్థాయికి నింపడానికి పంపు 96 తీసుకుంటే, 96ను 90తో భాగించండి: 1.067. అమరికల్లో ఆ గుణకాన్ని 6.7 శాతం పెంచండి. నింపిన వెంటనే ఖర్చు అంకెను సున్నా చేయడం మాత్రం మరిచిపోకూడదు. ఒక్కసారి మరిచిపోతే ఆ తర్వాతి లెక్కలన్నీ గాలిలో దీపాలే.

పంపు దగ్గర, నాజిల్ ఎత్తకముందు

పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. కారులో చిందితే రోడ్డు మీద తేలిపోతుంది, పడవలో అయితే డెక్కు కిందికి దిగి బిల్జిలో, అంటే పడవ అట్టడుగు గుంటలో, నీళ్లలా నిలిచిపోతుంది. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు పేలుతుంది. కింది వరస అందుకే:

1. పడవను ముందూ వెనకా తాళ్లతో గట్టిగా కట్టి, ఇంజను ఆపండి.
2. అందరినీ ఒడ్డుకు దింపండి. నింపేవాళ్లు తప్ప ఎవరూ పడవలో ఉండకూడదు.
3. పొయ్యి, ఫ్రిజ్, లైట్లు, పంపులు అన్నీ ఆపండి. బ్యాటరీ మెయిన్ స్విచ్ ఆపితే ఇంకా మంచిది. సిగరెట్ల గురించి చెప్పనక్కర్లేదు.
4. కిటికీలు, తలుపులు, హ్యాచ్ మూతలు అన్నీ మూసెయ్యండి. నింపేటప్పుడు మూసి ఉంచాలి, నింపాక తెరవాలి. ఈ వరస తారుమారైతే ఆవిరి లోపలికే చేరుతుంది.
5. ముల్లు స్థానం (స్విచ్ ఆపకముందే చూసి), పోయాల్సిన లీటర్లు రాసుకోండి.

ఆరోది విడిగా చెప్పాలి: తెరుస్తున్న మూత ఇంధనానిదేనా? డెక్కు మీద మంచినీళ్ల మూత, మురుగు ట్యాంకు మూత, ఇంధనం మూత ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. అక్షరాలు అరిగిపోయి ఉంటాయి. గాలం కర్ర నిలబెట్టడానికి పెట్టిన గొట్టంలో పెట్రోలు పోసిన సంఘటనలు నిజంగానే జరిగాయి. అడుగు తెరిచి ఉన్న అలాంటి గొట్టం నేరుగా బిల్జిలోకే దారి తీస్తుంది. మీ పడవను వేరేవాళ్లు నింపుతుంటే మూతను మీరే తెరిచి చూపించండి. మూత మీద పెట్రోలా, డీజిలా అన్నదీ పైకి చదవండి.

గాలిగొట్టం రంధ్రం ఎక్కడుందో కూడా ముందే చూసుకోండి. మామూలుగా హల్ (పడవ బయటి గోడ) పక్కన, డెక్కుకు కాస్త దిగువన, చిన్న లోహపు బిళ్లలా ఉంటుంది. దాని కింద పీల్చుకునే గుడ్డ పట్టుకోవడమో, రబ్బరు కప్పులతో హల్‌కు అంటుకునే సీసాను తగిలించడమో చెయ్యండి. నింపే రంధ్రం చుట్టూ మరో గుడ్డ చుట్టండి.

నింపడం

నాజిల్ లోహపు కొన నింపే రంధ్రం లోహాన్ని తాకుతూ ఉండాలి, మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా. ఇంధనం పారేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు రవ్వగా ఎగరకుండా ఆ స్పర్శే భూమికి దింపుతుంది. ట్రిగ్గరును కొక్కానికి తగిలించి వదిలెయ్యకండి, చేత్తోనే పట్టుకోండి.

నెమ్మదిగా మొదలుపెట్టండి. మొదటి పది పదిహేను సెకన్లలో రెండో మనిషి గాలిగొట్టం దగ్గర అరచేయి పెట్టి చూడాలి. గాలి స్పష్టంగా తగలాలి. లోపలికి ఎన్ని లీటర్లు వెళ్తే అంత గాలి బయటికి రావాల్సిందే కదా. గాలి తగలకపోతే ఆపెయ్యండి. గొట్టం మూసుకుపోయిందన్నమాట, ఆ గాలి నింపే గొట్టంలోంచే ఎదురొచ్చి పెట్రోలును మీ మొహం మీదికి చిమ్ముతుంది.

గాలి బాగా వస్తుంటే మధ్యస్థ వేగానికి పెంచండి. నింపే గొట్టం లోపలి వ్యాసం మామూలుగా 38 మిల్లీమీటర్లు, గాలిగొట్టం 16 మిల్లీమీటర్లే. ఆ సన్నని దారిన గాలి పోయేంత వేగంలోనే పోయాలి. కార్ల కోసం పెట్టిన పంపుల వేగం చాలా పడవలకు ఎక్కువే.

చెవి పెట్టండి. కుళాయి కింద బిందె నిండుతుంటే చప్పుడు ఎలా మారుతుందో ఇక్కడా అంతే. మొదట్లో లోతైన గుడగుడ, నిండే కొద్దీ సన్నబడుతుంది. చివరికి గొట్టంలోనే ద్రవం లేచి వస్తున్నప్పుడు గొంతు ఒక్కసారిగా ఎత్తుకుంటుంది. గాలిగొట్టం దగ్గర 'సుయ్'మనే ఊపిరి కాస్తా 'బుడబుడ'లోకి మారిందంటే ద్రవం గాలిగొట్టం నోటిదాకా వచ్చినట్టే. చిమ్మడానికి ఇక కొద్ది సెకన్లే.

లెక్కలో చివరి 20 లీటర్లు ఉండగా వేగం సగానికి తగ్గించండి. చివరి 5 లీటర్లు సన్నని ధారగా. అంకె రాగానే ఆపండి. నాజిల్ ఆగకపోయినా, చప్పుడు మారకపోయినా, 'ఇంకా చోటుందేమో' అనిపించినా సరే. అంకెకు ముందే చప్పుడు మారితే చప్పుడు మాటే వినండి. లెక్కా సాక్ష్యాలూ రెండు మాటలు మాట్లాడితే ఎప్పుడూ తక్కువ లీటర్ల వైపే మొగ్గాలి, తేడా ఎందుకొచ్చిందో తర్వాత తీరిగ్గా వెతకవచ్చు.

నాజిల్ 'టక్'ను ఎందుకు నమ్మకూడదు

నాజిల్ కొసన చిన్న రంధ్రం ఉంటుంది. ఇంధనం పారేటప్పుడు లోపల పుట్టే చూషణ ఆ రంధ్రం గుండా గాలి పీలుస్తుంటుంది. ద్రవం లేచి రంధ్రాన్ని మూసేస్తే గాలి అందక చూషణ పెరుగుతుంది, పల్చని పొర కదిలి ట్రిగ్గరు వదిలేస్తుంది. కారులో నాజిల్ కొస ట్యాంకుకు దగ్గరగా ఉంటుంది. పడవలో డెక్కు మీది రంధ్రానికీ ట్యాంకుకూ మధ్య ఒకటి రెండు మీటర్ల గొట్టం, అదీ వంకర్లతో ఉంటుంది. ట్యాంకు నిండాక ద్రవం ఆ గొట్టమంతా ఎక్కితే తప్ప నాజిల్‌కు తెలియదు. ఆలోపు గాలిగొట్టం రంధ్రం నాజిల్ కొసకంటే దిగువన ఉంటే పెట్రోలు ముందుగా దారి చూసుకునేది అటే.

ఇంకోవైపు, వంకర దగ్గర చిందిన తుంపరో, డీజిల్ నురగో రంధ్రాన్ని తాకితే ట్యాంకు సగంలో ఉండగానే 'టక్'మంటుంది. అలా పదేపదే ఆగుతుంటే నాజిల్‌ను పావు వంతు తిప్పి, ఓ అంగుళం బయటికి లాగి, వేగం తగ్గించి చూడండి. డీజిల్ అయితే నురగ అణగడానికి ఒక నిమిషం ఆగండి.

'టక్'మన్న తర్వాత కొసరు పోయడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. 38 మిల్లీమీటర్ల గొట్టం 2 మీటర్ల పొడవులో 2.3 లీటర్లు పడతాయి. మీరు పోసే కొసరంతా ఆ గొట్టంలో నిలబడుతుంది, అంటే ట్యాంకులో వ్యాకోచానికి చోటే లేదని అర్థం. కొత్త పెట్రోలు పడవలు చాలావాటిలో గాలిగొట్టానికి బొగ్గు డబ్బా ఒకటి తగిలించి ఉంటుంది. ఆవిరిని పీల్చి పట్టుకోవడం దాని పని. దాంట్లోకి ద్రవ పెట్రోలు చేరితే బొగ్గు తడిసి గాలి దారి మూసుకుపోతుంది. ఆ తర్వాత ప్రతిసారీ నాజిల్ ఊరికే ఆగిపోతుంటుంది. నింపడం రోజురోజుకీ కష్టమవుతున్న పడవల్లో ముందుగా చూడాల్సింది ఆ డబ్బానే.

నింపాక

నాజిల్‌ను ఎత్తకముందు కొసలోని చుక్కలు రాలనివ్వండి. మూత బిగించండి, రబ్బరు రింగు పగిలిందేమో ఒక చూపు చూడండి. ఆ రింగు పాడైతే డెక్కు మీది వాననీళ్లన్నీ ట్యాంకులోకే పోతాయి. చిందినదాన్ని గుడ్డతో తుడవండి. నీళ్ల మీద పడితే పీల్చుకునే గుడ్డలతోనే ఎత్తాలి. సబ్బు నీళ్లు పోస్తే తెట్టె కంటికి కనబడకుండా పోతుంది కానీ పెట్రోలు నీళ్లలో కలిసి కిందికి దిగుతుంది. అమెరికాలాంటి చోట్ల అలా సబ్బు వాడడం నేరం కూడా.

ఇప్పుడు హ్యాచ్‌లు తెరవండి. ఇంజను పడవ లోపలే ఉండే పెట్రోలు పడవల్లో బ్లోయరును (లోపలి ఆవిరిని బయటికి తోసే ఫ్యానును) కనీసం 4 నిమిషాలు నడపండి, గడియారం చూసి. ఆ తర్వాత బిల్జి దగ్గర వంగి వాసన చూడండి. ఆవిరిని పసిగట్టే సెన్సరున్నా సరే, ముక్కును మించిన పరికరం ఇక్కడ లేదు. వాసన ఉంటే ఇంజను మాటే ఎత్తకండి. ఎక్కడ కారుతోందో తెలిసేదాకా బ్యాటరీ ఆపి ఉంచండి. వాసన లేకపోతేనే ఇంజను వేసి, ఆ తర్వాతే మనుషుల్ని ఎక్కించండి.

ఎంత దూరానికి ఎంత పొయ్యాలి

పెట్రోలు ఇంజను పూర్తి వేగంలో గంటకు తాగే లీటర్లు దాని హార్స్‌పవర్‌లో ఇంచుమించు 38 శాతం. 100 హార్స్‌పవర్‌కు 38 లీటర్లు, 150కి 57. డీజిల్ దానికి బాగా తక్కువ తాగుతుంది. హాయిగా పోయే వేగంలో ఖర్చు ఇంకా తగ్గుతుంది కానీ ఎంత తగ్గుతుందో మీరు రాసుకున్న అంకెలే చెప్పాలి. పాత నావికుల మూడో వంతు పద్ధతి ఇప్పటికీ మంచిదే: పోవడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, మిగతాది ముట్టుకోకుండా ఉంచడానికి. మన 188 లీటర్ల నిండులో పోవడానికి 62 లీటర్లే అన్నమాట. ముల్లు ప్రకారం అది ముప్పావు దాటి కాస్త దిగువకు చేరగానే. సగం చూసి వెనక్కి తిరుగుదామనుకుంటే అప్పటికే 122 లీటర్లు ఖర్చయిపోయి ఉంటాయి, తిరుగు దారికి 66 మిగులుతాయి.

అడుగున ఉన్నదంతా ఇంజనుకు అందుతుందనీ అనుకోవద్దు. పీల్చే గొట్టం కొస ట్యాంకు అడుగును తాకదు. మట్టం తగ్గినప్పుడు అలల్లో ఇంధనం పక్కకు ఒరిగితే ఆ కొస గాలి పీలుస్తుంది. సరిగ్గా అలలు ఎక్కువైన వేళే ఇంజను ఆగడానికి ఇదొక కారణం.

బరువు సంగతీ ఒక మాట. 188 లీటర్ల పెట్రోలు సుమారు 140 కిలోలు. పక్కకు ఒకటిగా రెండు ట్యాంకులున్న పడవలో ఒకదాన్ని పూర్తిగా నింపి రెండోదానికి వెళ్తే పడవ ఒరిగి, నిండిన ట్యాంకు గాలిగొట్టం కిందికి వాలుతుంది. సగం సగం మార్చి మార్చి పొయ్యండి. రెంటినీ కలిపే వాల్వు తెరిచి ఉంటే ఒకవైపు పోసింది రెండోవైపు పారుతుంది, చూడని పక్కన గాలిగొట్టం చిమ్ముతుంది. నింపేముందు ఆ వాల్వు మూసెయ్యండి.

ట్రెయిలరు మీద, చేతి ట్యాంకులో

ట్రెయిలరు మీద పడవ నీళ్లలో తేలినట్లు నిలబడదు. అణియం పైకి లేచి ఉంటే పెట్రోలు వెనక్కి చేరి ముందు పక్కన గాలి బుడగ చిక్కుకుపోతుంది. నిజంగా నిండకముందే వెనకున్న గాలిగొట్టం కారుతుంది. ట్రెయిలరు ముందుచక్రం పిడి తిప్పి పడవను మట్టంగా నిలబెట్టాకే పొయ్యండి. నీళ్లలో తయారుచేసిన పట్టిక ఆ స్థితిలో కొంత తేడాగా ఉంటుంది కాబట్టి ఇంకో 10 లీటర్లు తగ్గించి ఆపండి.

12, 25 లీటర్ల చేతి ట్యాంకులను పడవలో ఉంచి నింపనేకూడదు. ఒడ్డున నేల మీద పెట్టి నింపాలి. ప్లాస్టిక్ పరుపో, తివాచీయో పరిచిన వాహనం మీద ఉంచితే స్థిర విద్యుత్తు దిగడానికి దారి ఉండదు. మట్టం నేరుగా కళ్లకు కనబడుతుంది కాబట్టి ఇక్కడ అంచనాతో పనిలేదు. గోడ మీద గరిష్ఠ గీత దగ్గర ఆపితే చాలు. ఆయిలు కలిపే టూ స్ట్రోక్ ఇంజను అయితే ముందు కొన్ని లీటర్ల పెట్రోలు, ఆపై ఆయిలు, చివరగా మిగతా పెట్రోలు పోసి కదిలించండి. 50:1 పాళ్లలో 25 లీటర్లకు అర లీటరు ఆయిలు.

లెక్క తప్పుతోందంటే

గాలిగొట్టంలో గాలి రాకపోవడానికి మామూలు కారణాలు రెండు. రంధ్రంలో కందిరీగలు మట్టి గూడు కట్టడం ఒకటి, గొట్టం ఎక్కడో వేలాడి కిందికి వంగడం మరొకటి. ఆ వంపులో ఒకసారి చేరిన పెట్రోలు అక్కడే నిలిచి, బిరడాలా గాలిని ఆపేస్తుంది. గొట్టాన్ని ట్యాంకు నుంచి పైకే ఎక్కేలా క్లిప్పులతో కట్టాలి.

ముల్లు కదలకపోతే సెండరు పని పట్టేముందు డ్యాష్‌బోర్డు వెనక చూడండి. అమెరికన్ పద్ధతి సెండర్లు ఖాళీగా ఉంటే 240 ఓమ్‌లు, సగంలో సుమారు 103, నిండితే 33 చూపిస్తాయి. యూరోపియన్ రకం దీనికి తిరగబడి, ఖాళీకి 10, నిండితే 180. అమెరికన్ రకంలో మీటరు నుంచి సెండరు తీగ (తరచూ గులాబీ రంగుది) ఊడదీస్తే ముల్లు ఖాళీ వైపు పడిపోవాలి, మీటరు దగ్గరే ఆ బిందువును ఎర్త్‌కు కలిపితే నిండు దాటి పోవాలి. యూరోపియన్ రకంలో రెండూ తారుమారు. ఇలా ముల్లు ఆడితే మీటరు బాగానే ఉంది, లోపం తీగలోనో, తుప్పుపట్టిన ఎర్త్‌లోనో, సెండరులోనో ఉంది. ట్యాంకు దగ్గర తీగలు ముట్టుకునేముందు బ్లోయరు నడిపి, బ్యాటరీ కట్టేయాలి.

నిండు ట్యాంకు ఖాళీగా, ఖాళీ ట్యాంకు నిండుగా కనబడితే ఒక రకం సెండరును మరో రకం మీటరుకు కలిపారన్నమాట. సెండరు ఏది మార్చినా తలుపు లోపల అతికించిన పాత కాగితం చింపేసి, పట్టిక మళ్లీ మొదటి 20 లీటర్ల నుంచి రాయాల్సిందే.